సాలరీలో ఉప్పెంత?

ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్నాను. పదాల పుట్టుక గురించి చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ 'సాలరీ' అన్న మాటతోనే మొదలుపెట్టేవాణ్ని. లాటిన్‌లో 'సాల్' అంటే ఉప్పు, పూర్వం రోమన్ సైనికులకు జీతం బదులు ఉప్పు కొలిచి ఇచ్చేవారు, ఆ ఉప్పు జీతానికి 'సలారియం' అని పేరు, అదే అరిగి అరిగి మన సాలరీ అయింది అని చెప్పగానే చివరి బెంచీ దాకా అందరి ముఖాలూ నా వైపు తిరిగేవి. ఉప్పు తిన్న ఇంటికి విశ్వాసంగా ఉండాలన్న మాట మన ఇళ్లలో ఉన్నదే కాబట్టి, పిల్లలకు ఆ కథ ఇట్టే పట్టుబడేది. పదేళ్ల కిందట చదువు ముగించుకుని వెళ్లినవాళ్లు బస్టాండులో కనిపించి, "మాస్టారూ, ఆ ఉప్పు జీతం కథ ఇంకా గుర్తుందండీ" అని చెప్పిన సందర్భాలున్నాయి.

ఆ కథను ఇప్పుడు చెప్పడం లేదు. అందులో సగం నిజం, సగం ఆధారం లేని ఊహ. ఆ రెండూ ఎక్కడ అతుక్కున్నాయో తెలుసుకోవడానికి నాకు దాదాపు ఒక ఏడాది పట్టింది. తెలుసుకున్నది రాసిపెట్టకపోతే, నా దగ్గర ఆ కథ విని వెళ్లిన పిల్లలకు అన్యాయం చేసినవాణ్ని అవుతానని ఇది రాస్తున్నాను.

మొదట నిజమైన సగం. సాలరీ అన్న మాట పద్నాలుగో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. నార్మన్లు తెచ్చిన ఫ్రెంచిలో అది 'సలారీ', దాని వెనుక లాటిన్ 'సలారియం', దాని వెనుక 'సాల్'. ఈ వరుసలో సందేహానికి చోటు లేదు. ఇటాలియన్‌లోనూ స్పానిష్‌లోనూ జీతాన్ని నేటికీ 'సలారియో' అంటారు, ఫ్రెంచిలో 'సలేర్' అంటారు. సలాడ్, సాస్, సాసేజ్ కూడా ఆ ఉప్పులోంచి పుట్టినవే: ఉప్పు చల్లిన ఆకులు, ఉప్పు వేసిన పులుసు, ఉప్పు పట్టించిన మాంసం. ఇంగ్లీషు 'సాల్ట్' మాత్రం లాటిన్ నుంచి వచ్చింది కాదు. లాటిన్ 'సాల్'కు అది బిడ్డ కాదు, తోబుట్టువు. రెండూ ఇంకా పాతదైన ఒకే తల్లి మాటకు పుట్టాయి.

ఇక రెండో సగం. ఉపాధ్యాయుల శిక్షణ తరగతి కోసం ఒక కాగితం తయారుచేస్తూ, రోమన్లే స్వయంగా ఈ ఉప్పు జీతం గురించి ఏమన్నారో ఆ వాక్యాన్ని ఉటంకించాలని అనుకున్నాను. ఎక్కడ చూసినా అందరూ ప్లినీ పేరే చెబుతారు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ప్రాణాలు కోల్పోయిన పెద్ద ప్లినీ ఆయన. ముప్పై ఏడు భాగాల 'ప్రకృతి చరిత్ర'లో ముప్పై ఒకటో భాగంలో ఉప్పును గురించి రాస్తూ, నాగరికమైన బ్రతుకు ఉప్పు లేకుండా సాగదని, మనసుకు కలిగే ఉల్లాసానికీ చమత్కారానికీ కూడా ఉప్పు పేరే వాడుతున్నామని చెప్పి, ఆ తర్వాత ఒక చిన్న వాక్యభాగం చేరుస్తాడు. పదవులలోనూ సైనిక సేవలోనూ కూడా ఉప్పుకు చోటుంది, 'సలారియం' అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది అని దాని భావం. అంతే. ఆ వెంటనే రోముకు పొరుగువారైన సబైనుల ప్రాంతానికి ఉప్పు బండ్లు వెళ్లిన దారికి 'వియా సలారియా' అన్న పేరు ఎలా వచ్చిందో చెబుతూ ముందుకు సాగిపోతాడు.

ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. సైనికుడి చేతిలో ఉప్పు పోశారని అందులో లేదు. జీతం బదులు ఉప్పు ఇచ్చారని లేదు. ఒకప్పుడు ఇచ్చేవారట, ఇప్పుడు లేదు అని కూడా లేదు. పైగా సైన్యం కంటే ముందు పదవుల మాట ఉంది. మనకు చేరిన ప్రాచీన రచనల్లో రోమన్ సైనికులకు ఉప్పుతో జీతం ఇచ్చారని చెప్పిన రచయిత ఒక్కరూ లేరు. ఆ మాటకు అధికార ముద్ర వేసినది చాలావరకు పంతొమ్మిదో శతాబ్దపు నిఘంటువులు. 1879లో వెలువడిన లూయిస్, షార్ట్‌ల లాటిన్ నిఘంటువు 'సలారియం' దగ్గర, సైనికులకు ఉప్పు కొనుక్కోవడానికి ఇచ్చే డబ్బు అని అర్థం రాసింది. అది కూడా ఉప్పు కోసం డబ్బు అనే చెప్పింది, ఉప్పే జీతం అనలేదు. నిఘంటువు చేసిన ఊహ ఒక అడుగు, దాన్ని తిరిగి చెప్పినవాళ్లు వేసినది ఇంకో అడుగు. నాలాంటి ఉపాధ్యాయులు ఆ రెండో అడుగు మీద నిలబడి పాఠం చెప్పాం.

అలాగైతే ఉప్పు పేరు జీతానికి ఎందుకు అంటుకుంది? దీనికి జవాబు లాటిన్ వ్యాకరణంలో కొంత, మా అమ్మ ఇనప్పెట్టెలో కొంత దొరికింది.

లాటిన్‌లో ఒక వస్తువు పేరుకు 'ఆరియం' చేర్చి, ఆ వస్తువు నిమిత్తం ఇచ్చే సొమ్ముకు పేరు పెట్టే అలవాటు ఉండేది. బట్టల పేరు మీద ఇచ్చేది 'వెస్టియారియం'. చెప్పుల పేరు మీద ఇచ్చేది 'కాల్కియారియం'. వెస్పాసియన్ చక్రవర్తి కాలంలో ఓస్టియా, పుటియోలీ రేవుల నుంచి రోముకు కాలినడకన తిరిగే నౌకాదళం వాళ్లు తమకు చెప్పుల భత్యం ఇప్పించమని అడిగితే, ఆయన ఇవ్వకపోగా ఇకమీదట చెప్పులు లేకుండా పరుగెత్తమని ఆజ్ఞాపించాడని రోమన్ చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు. బూటు అడుగున కొట్టే మేకుల పేరు మీద 'క్లావారియం' అని ఇంకొకటి ఉండేది. క్రీ.శ. 69 నాటి అంతర్యుద్ధంలో సైనికులు దాన్ని డిమాండ్ చేశారని, అది ఒక రకం బహుమతి సొమ్ము పేరని ఇంకో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ వివరించాడు. మేకుల పేరుతో ఇచ్చారు కాబట్టి రోమన్ సైనికులకు ఇనుప మేకులతో జీతం ముట్టేదని ఎవరూ అనరు. 'సలారియం' ఈ కుటుంబంలోదే. ఉప్పు నిమిత్తం అన్న పేరుతో మొదలై, కాలక్రమంలో ఉప్పుతో పని లేని సొమ్ముకు స్థిరపడిన మాట అని అనుకోవడమే, మన దగ్గరున్న సాక్ష్యానికి సరిపోయే ఊహ. ఇది కూడా ఊహేనని నాకు తెలుసు, కానీ తోడు నిలబడే మాటలు దీనికి ఉన్నాయి.

మా అమ్మకు పెళ్లిలో మా తాతయ్య అరెకరం మాగాణి రాసిచ్చారు. ఆ దస్తావేజు ఇప్పటికీ ఇనప్పెట్టెలో ఉంది. మడతల దగ్గర చిరిగి, వెనుక గుడ్డ పేలిక అతికించి ఉంటుంది. అందులో ఆ పొలాన్ని కుమార్తెకు 'పసుపు కుంకుమల నిమిత్తం' ఇస్తున్నట్టు రాసి ఉంది. ఆ పొలంలో పసుపు ఏనాడూ పండలేదు; అది వరి చేను. దాని మీద వచ్చిన శిస్తుతో ఎవరూ కుంకుమ కొనలేదు, నా బి.ఎడ్. ఫీజు దానితోనే కట్టారు. తెలుగువాళ్లలో ఆడపిల్లకు ఇచ్చే ఆస్తికి పసుపు కుంకుమలు అన్నది ఒక పేరు, అంతకుమించి కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వయం సహాయక సంఘాల మహిళలకు పదివేల రూపాయల చొప్పున ఇచ్చిన పథకానికి పెట్టిన పేరు కూడా అదే. రెండువేల ఏళ్ల తర్వాత ఎవరో ఒక పండితుడు ఆ పథకం పేరును ధాతువుల్లోకి విడదీసి, ఆ కాలపు ఆంధ్రులు స్త్రీలకు వేతనాన్ని పసుపు కొమ్ములతో చెల్లించేవారని రాస్తే మనకు ఎలా ఉంటుంది? రోమన్ల విషయంలో మనం చేసింది అదే. మన జీతం చీటీలో ఉన్న 'కరువు భత్యం' అన్న మాటను చూసినా సరే, కరువు వచ్చిన ఏడాది మాత్రమే దాన్ని ఇచ్చేవారని ఎవరైనా అనుకోవచ్చు.

వస్తురూపంలో జీతం అసలు ఉండదని నేను అనడం లేదు. మా నాన్న చిన్నప్పుడు పాలేరుగా చేసిన ఇంట్లో ఏడాది జీతం వడ్లలోనే మాట్లాడుకునేవారు. కుప్ప నూర్చిన రోజున కల్లంలో చాకలికీ మంగలికీ కమ్మరికీ మేర కొలిచేవారు. కుంచం నిండాక పైన గోపురంలా నిలిచిన గింజలు కొలిచేవాడివా, పుచ్చుకునేవాడివా అన్న దాని మీద ఏటా మాటామాటా పెరిగేదని నాన్న చెప్పేవాడు. ధాన్యంతో జీతం ఇవ్వడంలో అర్థం ఉంది, అది తిని బతకవచ్చు. రోమన్ సామ్రాజ్యంలో కూడా తర్వాతి శతాబ్దాల్లో సైన్యానికి ధాన్యం, మాంసం, నూనె వంటివి సరుకుగా సరఫరా చేసే పద్ధతి బలపడింది. కానీ ఉప్పుతో ఒక మనిషికి ఏడాది జీతం ముట్టజెప్పడం లెక్కకు అందదు. క్రీ.శ. 301లో డయోక్లీషియన్ చక్రవర్తి సరుకుల గరిష్ఠ ధరలు రాళ్ల మీద చెక్కించినప్పుడు, సైనిక మోదియస్ అనే కొలతకు గోధుమలకు నాటి రోమన్ నాణెంలో వంద డినారియస్‌లు, ఉప్పుకూ వంద డినారియస్‌లే నిర్ణయించాడు. ఉప్పు బంగారంతో సమానమన్న మాట వినడానికి బాగుంటుంది గానీ, ఆ శాసనంలో ఉప్పు గోధుమలతో సమానం. అంత చవక సరుకును జీతంగా ఇస్తే దాన్ని మోయడానికే బండ్లు కావాలి.

బండ్లు అంటే గుర్తుకొచ్చింది. రోములో సైనికులకు మొదటిసారి జీతం ఏర్పాటైన సందర్భాన్ని లివీ తన చరిత్రలో వర్ణించాడు. 'వేయీ' అనే పొరుగు నగరంతో యుద్ధ కాలం, సంప్రదాయపు లెక్కలో క్రీ.పూ. 406. అప్పటికి వెండి నాణేలు లేవు కాబట్టి, పన్ను కట్టవలసిన పెద్దలు బరువైన కంచు ముద్దలను బండ్ల మీద ఖజానాకు తోలుకొచ్చారని, ఆ బండ్ల బారు జనానికి చూడముచ్చటగా ఉండేదని రాస్తాడు. రోమన్లు తమ జీతం పుట్టుక గురించి తాము చెప్పుకున్న కథలో ఉన్నది కంచు, ఉప్పు కాదు. ఆ జీతం పేరు కూడా 'సలారియం' కాదు, 'స్టైపెండియం'. 'స్టిప్స్' అంటే చిల్లర సొమ్ము, 'పెండెరే' అంటే తూచడం. మన కాలేజీ పిల్లలు స్టైపెండ్ అని పిలిచే మాట, తూచి ఇచ్చిన సొమ్ము అని అసలు అర్థం ఉన్న ఆ మాటే. సైనికుడి జీతానికి వందల ఏళ్లపాటు చెల్లిన పేరు అది. 'సోల్జర్' అన్న ఇంగ్లీషు మాట కూడా ఉప్పులోంచి వచ్చిందని కొందరు చెబుతుంటారు, అదీ కాదు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి ముద్రించిన 'సాలిడస్' అనే బంగారు నాణెం పేరులోంచి ఫ్రెంచిలో జీతం అన్న అర్థంలో ఒక మాట పుట్టి, ఆ జీతం పుచ్చుకునేవాడు సోల్జర్ అయ్యాడు.

మరి 'సలారియం' ఎవరికి ముట్టేది? ఈ ప్రశ్న దగ్గరే నేను ఎక్కువకాలం ఆగిపోయాను. నీరో చక్రవర్తి ఆస్తులు కరిగిపోయిన గొప్ప వంశాల సెనేటర్లకు ఏటా 'సలారియం' ఏర్పాటు చేశాడని, కొందరికి అది ఐదు లక్షల సెస్టర్సులని స్వెటోనియస్ అంటాడు. రాష్ట్రపాలకులకు ఇచ్చే 'సలారియం'ను డొమీషియన్ చక్రవర్తి అగ్రికోలాకు ఇవ్వలేదని, ఆ అగ్రికోలాకు అల్లుడైన టాసిటస్ నొచ్చుకుంటాడు. అంటే మనకు స్పష్టంగా కనిపించే చోట్ల అది సెనేటర్లకూ గవర్నర్లకూ ముట్టే సొమ్ము. డినారియస్ విలువ ఇంకా పడిపోని అగస్టస్ కాలంలో మామూలు కాలిబంటు ఏడాది జీతం 225 డినారియస్‌లు, అంటే 900 సెస్టర్సులు. నీరో ఒక్క సెనేటరుకు ఏటా ఇచ్చిన 'సలారియం' అలాంటి సైనికుడి 550 ఏళ్ల జీతం కంటే ఎక్కువ. ఉప్పు జీతం కథలో మనం చూసే ఆ పేద సైనికుడి చేతిలో ఉన్నది సలారియం కానే కాదు.

"చిన్న కథ, పిల్లలకు గుర్తుంటుంది, ఇందులో నష్టమేముంది?" అని మా స్టాఫ్ రూములో ఒక సహోద్యోగి అడిగారు. ఆయన తెలుగు పండితులు, నాకంటే పెద్దవారు, మాటంటే ప్రాణం పెట్టేవారు. నష్టం ఉందని ఆయనతో చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. ఆ కథ వినడానికి ఎంత బాగుందంటే, దాని వెనుక ఉన్న అసలు సైనికుడిని మనం వెతకడమే మానేశాం. ఆ సైనికుడు తన జీతం గురించి ఏమన్నాడో రాతలో ఉంది.

క్రీ.శ. 14లో అగస్టస్ మరణించాడన్న వార్త అందగానే, డాన్యూబ్ ప్రాంతంలోని పనోనియాలో మూడు లీజియన్లు, అంటే మూడు పెద్ద సైనిక దళాలు, తిరగబడ్డాయి. వాళ్లకు ముందు నిలిచిన పెర్సెనియస్ అనే మామూలు సైనికుడు చేసిన ప్రసంగాన్ని టాసిటస్ నమోదు చేశాడు. ముప్పై, నలభై ఏళ్లు కొలువు చేసి ముసలివాళ్లమయ్యాం, బయటపడినవాడికి పొలం పేరుతో బురద చిత్తడి, రాళ్ల గుట్టలు ఇస్తున్నారు. మా ప్రాణానికీ దేహానికీ రోజుకు పది ఆస్‌లు వెలకట్టారు. బట్టలు, ఆయుధాలు, గుడారాలు ఆ పదిలోంచే కొనుక్కోవాలి, దళనాయకుడైన సెంచూరియన్ బెత్తం దెబ్బలు తప్పించుకోవడానికి లంచమూ ఆ పదిలోంచే ఇవ్వాలి. మాకు రోజుకు ఒక డినారియస్ కావాలి, పదహారేళ్లకు కొలువు ముగియాలి. ఒక డినారియస్‌కు పదహారు ఆస్‌లు. రోజుకు పది ఆస్‌ల చొప్పున 360 రోజులకు 3,600 ఆస్‌లు, దాన్ని పదహారుతో భాగిస్తే సరిగ్గా 225 డినారియస్‌లు. ప్రసంగంలో చెప్పిన లెక్క ఖజానా లెక్కతో పొల్లు పోకుండా సరిపోయింది. కొత్త చక్రవర్తి టైబీరియస్ కొడుకు డ్రూసస్ వచ్చాడు, ఆ రాత్రి చంద్రగ్రహణం పట్టింది, దాన్ని అపశకునమని భయపడిన సైనికుల మనసు విరిగింది, పెర్సెనియస్‌ను చంపేశారు.

ఆ మనిషి అడిగిన ఆ డినారియస్ మనకు దూరపు వస్తువు కాదు. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో మట్టి తవ్వితే బయటపడిన వెండి నాణేల్లో అగస్టస్, టైబీరియస్ ముఖాలున్న డినారియస్‌లు ఉన్నాయి. పనోనియాలో ఆ తిరుగుబాటు జరిగింది ఆ ఇద్దరి ఏలుబడి మారిన నెలల్లోనే. మన సాహిత్యంలో 'దీనారం'గా మారి, శ్రీనాథుడి కాలానికి దీనార టంకాలుగా స్థిరపడిన మాట ఆ నాణెం పేరే. ఒక మాట ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చూపడానికి ఇక్కడ ఊహ అక్కరలేదు, చేతిలో పట్టుకునే వెండి ఉంది.

మా పండితులవారు ఈ సంగతి విని, మన 'జీతం' కూడా 'జీవితం' అన్న మాటకు తద్భవమేనని గుర్తుచేశారు. జీవితం అంటే బతుకు, బతుకుతెరువు. ప్రాణానికీ దేహానికీ కట్టిన వెల అని పెర్సెనియస్ అన్న మాటకు 'సలారియం' కంటే 'జీతం' దగ్గరగా ఉందని ఆయన అన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అయితే ఆ రెండు మాటల మధ్య ఏ చుట్టరికమూ లేదు. అర్థం కలిసినంత మాత్రాన మాటల పుట్టుక కలవదు. అది నేను ఆయనకు చెప్పవలసిన అవసరం రాలేదు, ఆయనే అన్నారు.

ఇప్పుడు తొమ్మిదో తరగతిలో సాలరీ పాఠం వచ్చినప్పుడు 'సాల్', 'సలారియం', సాలరీ అన్న వరుసను బోర్డు మీద రాసి, పక్కనే 'పసుపు కుంకుమ' అని రాస్తాను. ఆ తర్వాత ఈజిప్టులో దొరికిన ఒక పపైరస్ కాగితంలోని లెక్కను అచ్చంగా దింపుతాను. క్రీ.శ. మొదటి శతాబ్దం చివరి నాటి రోమన్ సైనిక జీతాల పట్టీ అది. డమాస్కస్ నుంచి వచ్చిన క్వింటస్ జూలియస్ ప్రోక్యులస్ అనే సైనికుడికి ఆ విడత జీతం 248 ద్రాక్మాలు. అందులోంచి గడ్డికి 10, తిండికి 80, బూట్లకూ కాలి పట్టీలకూ 12, శిబిరంలో శాటర్నేలియా పండగకు 20, బట్టలకు 60 కోసుకున్నారు. పిల్లలు కూడి 182 అంటారు, తీసివేసి 66 మిగిలిందంటారు. అంతకుముందు జమలో ఉన్న 136 కలిపితే 202 అవుతుంది. రోమన్ గుమాస్తా కూడా 202 అనే రాశాడు. తమ లెక్కా రెండువేల ఏళ్ల కిందటి లెక్కా ఒకటే అయినప్పుడు పిల్లల ముఖాలు, వెనుకటి ఉప్పు కథకు తిరిగిన దానికంటే ఎక్కువగా ఇటు తిరుగుతాయి. పోయిన నెల ఒక అమ్మాయి పట్టీని మళ్లీ పైనుంచి కిందికి చదివి, ఇందులో ఉప్పు లేదేమిటండీ అని అడిగింది. విడిగా రాయలేదమ్మా, తిండి కింద కోసుకున్న ఆ 80లోనే కలిసిపోయి ఉంటుంది అని చెప్పాను.